మసీదు ముంగిలి నుంచి శాసనమండలి దాకా: మఖ్దూం మొహియుద్దీన్

ఉప్పల్, నాచారం వైపు నుంచి నగరంలోకి వచ్చేవారికి తార్నాక దగ్గర దారి రెండుగా చీలుతుంది. ఒకటి లాలాగూడ రైల్వే వర్క్‌షాపు పక్కగా సికింద్రాబాద్ పోతుంది. రెండోది ఉస్మానియా విశ్వవిద్యాలయం మీదుగా అడిక్‌మెట్, విద్యానగర్ దాటి ఆజామాబాద్ కార్ఖానాల దగ్గర తేలుతుంది. ఈ రెండు దారుల్లోనూ ఒకే మనిషి అడుగుజాడలు ఉన్నాయి. ఉస్మానియాలో ఆయన చదువుకున్నారు. రైల్వే పనివాళ్ళను, సిగరెట్ ఫ్యాక్టరీ పనివాళ్ళను కూడగట్టి సంఘాలు కట్టారు. తరువాత శాసనసభ్యుడయ్యారు, శాసనమండలిలో ప్రతిపక్ష నాయకుడయ్యారు. ఇంతా చేసి మనలో చాలామందికి ఆయన సినిమాపాటల కవిగానో, ట్యాంక్‌బండ్ మీది విగ్రహంగానో మాత్రమే తెలుసు. ఆయనే మఖ్దూం మొహియుద్దీన్.

1908 ఫిబ్రవరి 4న మెదక్ జిల్లా ఆందోల్‌లో పుట్టారు. ఇప్పుడది సంగారెడ్డి జిల్లాలో ఉంది. పూర్తి పేరు అబూ సయీద్ మొహమ్మద్ మఖ్దూం మొహియుద్దీన్ ఖుద్రీ. తండ్రి గౌస్ మొహియుద్దీన్ సర్కారు కచేరీలో చిన్న ఉద్యోగి. పిల్లవాడికి ఇంకా లోకం తెలియకముందే తండ్రి గతించారు. తల్లికి మళ్ళీ పెళ్ళయింది. ఆమె మరో ఇంటికి వెళ్ళిపోగా పిల్లవాడు బాబాయి బషీరుద్దీన్ గారి ఇంట పెరిగాడు. తల్లి బతికే ఉన్నదన్న సంగతి చాలా ఏళ్ళదాకా అతనికి తెలియనివ్వలేదు. పెద్దవాడయ్యాకే తల్లిని చూసుకున్నారు.

బాబాయిది దీన్‌దారీ ఇల్లు. అయిదుపూటలా నమాజు, ఖుర్ఆన్ పఠనం తప్పనిసరి. మసీదు ఊడ్వడం, బావి నుంచి నీళ్ళు తోడి వజూ కోసం నింపడం ఆ పిల్లవాడి వంతు. ఈ పని గురించి మఖ్దూం తరువాతి రోజుల్లో చెప్పుకున్నారే గానీ దాచుకోలేదు. ఆ బాబాయే ఒకనాడు ఇంట్లో రష్యాలో జరిగిన విప్లవం ముచ్చట తెచ్చారట. అక్కడ గొప్ప, పేద తేడా పోయిందని, అందరూ ఒకే దస్తర్‌ఖాన్ చుట్టూ కూర్చుని తింటున్నారని చెప్పారట. అందరినీ ఒక్క దస్తర్‌ఖాన్ దగ్గర కూర్చోబెట్టడం ముస్లిం ఇంట్లో పెరిగిన పిల్లవాడికి కొత్త సంగతి కాదు. దావత్‌లో చూస్తాడు, రంజాన్‌లో మసీదు ఇఫ్తారులో చూస్తాడు. అయితే ఒక దేశం దేశమే అలా కూర్చోగలదా అన్న ఆశ్చర్యం ఆ వయసులో పుట్టి, ఆయనతోపాటే పెరిగింది. మార్క్స్ పుస్తకాలు చేతికందింది ఆ తరువాత చాలా ఏళ్ళకు.

సంగారెడ్డిలో మెట్రిక్ ముగించుకుని 1929లో ఉస్మానియాలో చేరారు. ఇవాళ మనం చూసే ఆర్ట్స్ కాలేజీ రాతి భవనం అప్పటికి లేదు. అది ప్రారంభమైంది 1939లో, ఆయన చదువు ముగించి వెళ్ళిపోయాక. చేతిలో డబ్బులేదు. కొంతకాలం మసీదులో తలదాచుకున్నారు, రాత్రి పడకా అక్కడే. పొట్టకోసం సినిమాతారల బొమ్మలు అమ్మారు, ట్యూషన్లు చెప్పారు, పత్రికలకు రాశారు. ఇన్ని అగచాట్లలోనూ ఆయనకు నవ్వడం, నవ్వించడం పోలేదు. ఆయనకు మొదట పేరు తెచ్చింది విప్లవ గీతమేమీ కాదు. హాస్టల్‌లో ఒక స్నేహితుడి పసుపుపచ్చ శాలువా మీద సరదాగా కట్టిన పాట. అది హాస్టల్ గోడలు దాటి ఊరంతా పాకింది.

అదే రోజుల్లో ఒక మిత్రుడితో కలిసి బెర్నార్డ్ షా నాటకాన్ని ఉర్దూలోకి మలిచారు. పేదల మురికివాడల అద్దెల మీద పెద్దమనుషులు ఎలా బతుకుతారో చెప్పే నాటకమది. హైదరాబాద్ వచ్చిన రవీంద్రనాథ్ ఠాగూర్ ఆ ప్రదర్శన చూసి మెచ్చుకుని మఖ్దూంను శాంతినికేతన్‌కు రమ్మని ఆహ్వానించారు. ఆ తరువాత 1935లో ఠాగూర్ కవిత్వం మీద మఖ్దూం ఉర్దూలో ఒక పుస్తకం రాశారు. 1936లో ఎం.ఎ. పూర్తయింది. ఆ ఏడే దేశంలో అభ్యుదయ రచయితల సంఘం పుట్టింది. హైదరాబాద్‌లో దాని శాఖకు ప్రాణం పోసినవారిలో మఖ్దూం ఒకరు. సరోజినీ నాయుడు గారి గోల్డెన్ త్రెషోల్డ్ ఇంట్లో ఈ యువకులకు ఎప్పుడూ తలుపు తెరిచే ఉండేది.

ఎం.ఎ. పట్టా చేతికొచ్చినా కొలువు వెంటనే దొరకలేదు. 1939లో సిటీ కాలేజీలో ఉర్దూ లెక్చరర్ ఉద్యోగం వచ్చింది. పెళ్ళయి సంసారం ఉన్నవారు. నిజాం సర్కారులో కాలేజీ కొలువంటే ఆ రోజుల్లో జీవితాంతపు భరోసా. ఆయన దానిని రెండేళ్ళకే, 1941లో, వదులుకున్నారు. ఆ నిర్ణయానికి ఆయన ఎంత మూల్యం చెల్లించారో, ఇంట్లోవాళ్ళు ఎంత చెల్లించారో లెక్కవేయడం కష్టం. నాయకుల జీవితచరిత్రల్లో ఇంట్లోవాళ్ళ వంతు ఎప్పుడూ రెండు వాక్యాలకు మించదు. ఇక్కడా అంతే అవుతున్నందుకు పాఠకులు మన్నించాలి.

అప్పటికే రాజ్‌బహదూర్ గౌర్, జవాద్ రజ్వీ, ఆలం ఖుంద్‌మీరీ వంటి మిత్రులతో కామ్రేడ్స్ అసోసియేషన్ నడుస్తోంది. కమ్యూనిస్టు పార్టీతో సంబంధం ఏర్పడింది. ఉద్యోగం వదిలాక మఖ్దూం పూర్తికాలం కార్మికుల మధ్యకు వెళ్ళారు. సంఘం పెట్టుకోవడాన్నే ధిక్కారంగా చూసే కాలమది. పనివాడికి రేపు పని ఉంటుందో లేదో తెలియదు. జబ్బుచేస్తే కూలి పోతుంది, చెయ్యి తెగితే కొలువే పోతుంది. సిగరెట్ ఫ్యాక్టరీ, రైల్వే, బట్టల మిల్లులు, అటు షాహాబాద్ సిమెంటు కార్ఖానా... ఒక్కొక్కచోటా ఒక్కొక్క సంఘం లేచింది. షిఫ్టు దిగిన పనివాళ్ళను బస్తీలో ఒకచోట కూర్చోబెట్టి మాట్లాడటం, మాటలు అయ్యాక పాట పాడటం ఆయన పద్ధతి. ఉర్దూ రానివాళ్ళకు కూడా ఆ గొంతు అర్థమయ్యేది. 1944లో ఆయన మొదటి కవితా సంపుటి సుర్ఖ్ సవేరా వెలువడింది. 1946 ఆగస్టులో ఈ సంఘాలన్నీ కలిసి ఆల్ హైదరాబాద్ ట్రేడ్ యూనియన్ కాంగ్రెస్ ఏర్పడితే దానికి మఖ్దూం అధ్యక్షులయ్యారు.

ఇక ఇక్కడి నుంచి చెప్పవలసింది మన పెద్దల్లో చాలామంది చెప్పడానికి తటపటాయించిన కథ.

1946 నాటికి తెలంగాణ పల్లెల్లో వెట్టి మీద, దేశ్‌ముఖుల మీద తిరుగుబాటు రాజుకుంది. ఆ జూలై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య తుపాకీ గుండుకు నేలకొరిగాడు. అంతకుముందే, అదే విస్నూరు దేశ్‌ముఖు ఇలాకాలో, తన భూమి కోసం కోర్టులో పోరాడిన షేక్ బందగీ అనే పేద ముస్లిం రైతును దారికాచి చంపారు. ఆ బందగీ కథే తరువాత మా భూమి నాటకమై ఊరూరా ఆడింది. మరోవైపు నగరంలో, ఆసఫ్‌జాహీ తఖ్తు ముస్లింలందరి తఖ్తు, ప్రతి ముస్లిమూ అందులో వాటాదారు అనే ప్రచారం జోరుగా సాగుతోంది. రజాకార్లు ఆ మాటతోనే యువకులను చేర్చుకున్నారు. వినడానికి గొప్పగా ఉండే ఈ మాట బందగీకి ఏమి ఇచ్చింది? రిక్షా లాగేవాడికి, బీడీలు చుట్టే వితంతువుకు, జాగీర్దారు వాకిట్లో హుక్కా నింపే నౌకరుకు ఆ తఖ్తులో ఏ కాలు దక్కింది? మఖ్దూం రాజకీయమంతా ఈ ప్రశ్న చుట్టూనే తిరిగింది.

ఈ ప్రశ్న అడగడం ఆ రోజుల్లో ప్రాణం మీదికి తెచ్చుకోవడమే. ముస్లిం అయి ఉండి ముస్లిం పాలకుడికి ఎదురుతిరిగితే ఖౌమ్‌కు ద్రోహి అన్న ముద్ర పడుతుంది. ఇమ్రోజ్ పత్రికా సంపాదకుడు షోయబుల్లాఖాన్, భారతదేశంలో విలీనం కావాలని రాసినందుకు, 1948 ఆగస్టులో నడివీధిలో హతమార్చబడ్డాడు. మఖ్దూం మీద 1946 చివర్లోనే వారంటు వచ్చింది. ఆయన అజ్ఞాతంలోకి వెళ్ళారు. 1947 సెప్టెంబర్ 11న నిజాం పాలనపై సాయుధ పోరాటానికి పిలుపునిస్తూ వెలువడిన ప్రకటన మీద మూడు పేర్లున్నాయి. రావి నారాయణరెడ్డి, బద్దం ఎల్లారెడ్డి, మఖ్దూం మొహియుద్దీన్. ఆ మూడో పేరు అక్కడ ఉండబట్టే తెలంగాణ రైతుల పోరాటాన్ని హిందూ, ముస్లిం తగాదాగా చూపించాలనుకున్నవారి నోటికి అడ్డం పడింది.

1948 సెప్టెంబర్‌లో పోలీసు చర్య జరిగింది. నిజాం పాలన అంతమైంది. ఆ వెంటనే మరాఠ్వాడా, కన్నడ జిల్లాల్లోనూ, తెలంగాణలో కొన్నిచోట్లా ముస్లింల మీద జరిగిన దారుణాలను పండిట్ సుందర్‌లాల్ బృందం తిరిగి చూసి నివేదిక ఇచ్చింది. అది ఎన్నో దశాబ్దాలు బయటికి రాలేదు. రజాకార్లు చేసినదానికి రజాకార్ల ముఖమే చూడని కుటుంబాలు మూల్యం చెల్లించాయి. 1949లో జాగీర్లు రద్దయ్యాయి. జాగీర్దార్లకు పరిహారం దక్కింది, వాళ్ళ వాకిళ్ళలో బతికిన వేలాది చిన్నాచితకా నౌకర్లకు వీధి దక్కింది. తఖ్తులో వాటా ఉందని నమ్మించినవారు ఆ రోజు వీళ్ళ పక్కన లేరు. ఖాసిం రజ్వీ శిక్ష అనుభవించి 1957లో పాకిస్తాన్ వెళ్ళిపోయాడు. మఖ్దూం ఎక్కడికీ వెళ్ళలేదు. కొత్త ప్రభుత్వమూ ఆయనను వదల్లేదు. నిజాంతో పోరాడినవాడే భారత ప్రభుత్వానికీ నేరస్థుడయ్యాడు, ఎందుకంటే భూమి కోసం పోరాటం ఆగలేదు. 1951లో పట్టుబడి జైలు పాలయ్యారు. ఆ ఏడాది అక్టోబర్‌లో పార్టీ సాయుధ పోరాటాన్ని విరమించింది. 1948 తరువాత కూడా తుపాకీ పట్టుకుని ఉండటం సరైన పనేనా అన్న వాదన కమ్యూనిస్టుల్లోనే ఇప్పటికీ తెగలేదు. ఆ మూడేళ్ళలో చనిపోయినవారి సంఖ్య చూస్తే, ముందే ఆపి ఉండవలసిందని మాకు అనిపిస్తుంది.

తొలి సాధారణ ఎన్నికలు వచ్చాయి. హైదరాబాద్ రాష్ట్రంలో కమ్యూనిస్టు పార్టీ మీద నిషేధం ఉన్నందున వారు పీపుల్స్ డెమొక్రటిక్ ఫ్రంట్ పేరుతో నిలబడ్డారు. నల్గొండ నుంచి రావి నారాయణరెడ్డికి నెహ్రూకంటే ఎక్కువ ఓట్లు వచ్చిన సంగతి అందరికీ తెలిసిందే. మఖ్దూం మాత్రం నగరంలో గెలవలేకపోయారు. తన సొంత భాష మాట్లాడే ఊరు, తన పాటలు పాడే ఊరు ఆయనను ఎన్నుకోలేదు. సరోజినీ నాయుడు గారి కుమారుడు డాక్టర్ జయసూర్య పార్లమెంటుకు కూడా ఎన్నికై హుజూర్‌నగర్ శాసనసభ స్థానాన్ని ఖాళీ చేయగా, 1952లో జరిగిన ఉపఎన్నికలో అక్కడి జనం మఖ్దూంను గెలిపించారు. హుజూర్‌నగర్ ఓటర్లలో ముస్లింలు కొద్దిమంది. ఉర్దూ చదవగలిగినవారు ఇంకా కొద్దిమంది. వెట్టిచాకిరీ నుంచి అప్పుడప్పుడే లేచిన తెలుగు రైతులు, కూలీలు, ఆందోల్ నుంచి వచ్చిన ఒక ఉర్దూ కవి పేరు మీద ఓటు వేశారు. మైనారిటీ అభ్యర్థి మైనారిటీ ఓట్లున్న చోటే గెలవగలడని లెక్కలు కట్టే నేటి పార్టీ పెద్దలు ఒకసారి ఈ ఫలితం తిరగేసి చూస్తే బాగుంటుంది.

అయితే ఒక మాట. 1950ల మధ్యలో ఆయన కొంతకాలం వియన్నాలో ప్రపంచ కార్మిక సంఘాల సమాఖ్య పనిలో ఉన్నారు, అనేక దేశాలు తిరిగారు. ఆ కాలంలో హుజూర్‌నగర్ ప్రజలకు తమ శాసనసభ్యుడు ఎంతవరకు అందుబాటులో ఉన్నట్టు అన్నది అడగదగిన ప్రశ్నే.

1956లో ఆంధ్రప్రదేశ్ ఏర్పడింది. 1958లో రాష్ట్రానికి శాసనమండలి వచ్చింది. మఖ్దూం అందులో సభ్యులై, ప్రతిపక్ష నాయకుడిగా, 1969లో కన్నుమూసేవరకూ అక్కడే ఉన్నారు. మండలి అంటే ఏమిటో కొంచెం చెప్పుకోవాలి. ఎగువసభ మంత్రివర్గాన్ని పడగొట్టలేదు. డబ్బుకు సంబంధించిన బిల్లును పద్నాలుగు రోజులకు మించి ఆపలేదు. మామూలు బిల్లునైతే మొదటిసారి మూడు నెలలు, శాసనసభ మళ్ళీ పంపితే ఇంకొక నెల, అంతవరకే ఆలస్యం చేయగలదు. అంటే అక్కడ ప్రతిపక్ష నాయకుడి చేతిలో ఓట్లబలం లేదు, అధికారబలం అంతకన్నా లేదు. ఉన్నదల్లా మాట. ప్రశ్న వేయవచ్చు, మంత్రిచేత జవాబు చెప్పించవచ్చు, ఒక సంగతిని రికార్డులోకి ఎక్కించవచ్చు. సభ ముగిశాక మళ్ళీ ఎర్రజెండా సంఘం ఆఫీసుకు వెళ్ళి, తొలగించిన పనివాడి కాగితాలు చూడవచ్చు. పదకొండేళ్ళు ఈ రెండు పనులూ చేసిన మనిషి ఆయన. 1964లో కమ్యూనిస్టు పార్టీ రెండుగా చీలినప్పుడు ఆయన సి.పి.ఐ.లోనే ఉండిపోయారు. నేడు హిమాయత్‌నగర్‌లో ఆ పార్టీ రాష్ట్ర కార్యాలయం పేరు మఖ్దూం భవన్.

రాజకీయం కవిత్వాన్ని మింగేస్తుందంటారు. మఖ్దూం విషయంలో కొన్నేళ్ళు అలాగే అనిపించింది. 1944 సంపుటి తరువాత రెండోది గుల్-ఎ-తర్ రావడానికి 1961 దాకా పట్టింది. మొదటి పుస్తకంలో ఎర్ర సూర్యోదయం ఉంటే రెండోదానిలో ఎక్కువగా రాత్రి ఉంది, ఎడబాటు ఉంది, కల చెదిరిన బాధ ఉంది. స్వాతంత్ర్యం కోసం రక్తం ధారపోసినవారికి తెల్లవారాక దక్కినదేమిటన్న ఆవేదన ఉంది. కాంగో నాయకుడు లుముంబాను 1961లో చంపితే మౌనంగా ఉండవద్దంటూ కవిత రాశారు. మార్టిన్ లూథర్ కింగ్ హత్య మీదా రాశారు. మొత్తం కవిత్వం బిసాత్-ఎ-రఖ్స్ పేరుతో 1966లో వచ్చింది. 1969 సంవత్సరానికి ఉర్దూలో సాహిత్య అకాడమీ అవార్డు దానికే లభించింది.

సాయంత్రాలు ఆబిడ్స్‌లోని ఓరియంట్ హోటల్‌లో గడిచేవి. ఒక కప్పు చాయ్ ముందుపెట్టుకుని కవులు, చిత్రకారులు, నిరుద్యోగులు, యూనియన్‌వాళ్ళు గంటలు గంటలు కూర్చునే చోటు అది. ఆ హోటల్ ఇప్పుడు లేదు. ఆయన పాటలు మాత్రం సినిమాల్లోకి వెళ్ళి ఇంటింటికీ చేరాయి. 1960లో ఉస్‌నే కహా థా, 1964లో చా చా చా, ఆయన పోయాక 1978లో గమన్, 1982లో బాజార్. మెహఫిల్‌లో ఆ గజళ్ళు పాడేవారిలో సగంమందికి అవి రాసినవాడు ఆజామాబాద్ గేటు దగ్గర నిలబడి కూలిరేట్లు మాట్లాడినవాడని తెలియదు. ఫైజ్ అహ్మద్ ఫైజ్ అంతటివాడు మఖ్దూం స్మృతిలో ఆయన గజల్ బాణీనే తీసుకుని గజల్ రాశాడు. 1990ల మొదట్లో సర్దార్ జాఫ్రీ తీసిన కహకషాఁ టీవీ ధారావాహికలో మఖ్దూం పాత్ర వేసింది ఇర్ఫాన్‌ఖాన్.

ఇలాంటి పేజీలో మఖ్దూం గురించి రాస్తే, ఆయన కమ్యూనిస్టు కదా అని అడిగేవారు ఉంటారు. అవును, కమ్యూనిస్టే. ఆ సంగతి దాచి ఆయనను సూఫీగానో, ఆలిమ్‌గానో తయారుచేసి చూపించడం ఆయనకూ న్యాయం కాదు, మనకూ మర్యాద కాదు. అలాగని మసీదు ఊడ్చిన ఆ బాల్యాన్ని, బాబాయి దస్తర్‌ఖాన్ ముచ్చటను ఆయన జీవితం నుంచి తుడిచేయడమూ కుదరదు. ఆయన తోటి పనివాడి హక్కును అడిగారు. పనివాడి చెమట ఆరకముందే కూలి ఇవ్వాలన్న బోధ మనకు కొత్తది కాదు. దానికోసం ఎవరు ఏ జెండా కింద నిలబడ్డారన్నది వేరే విచారణ.

1969లో తెలంగాణ అట్టుడుకుతోంది. జనవరి నుంచి ప్రత్యేక రాష్ట్ర ఉద్యమం, కాల్పులు, మూతపడ్డ కాలేజీలు. ఉమ్మడి రాష్ట్రమే ఉండాలన్న తన పార్టీ మాట ఉస్మానియా విద్యార్థులకు నచ్చని రోజులవి. ఒకప్పుడు ఆ విద్యార్థులే ఆయన బలం. ఢిల్లీలో అదే ఆగస్టులో, కార్మికోద్యమం నుంచి వచ్చిన వి.వి. గిరి రాష్ట్రపతిగా గెలిచి 24న ప్రమాణం చేశారు. మఖ్దూం అప్పుడు ఢిల్లీలోనే ఉన్నారు. మర్నాడు, ఆగస్టు 25న, గుండెపోటుతో అక్కడి ఆసుపత్రిలో కన్నుమూశారు. వయసు అరవై ఒకటి.

పార్థివ దేహాన్ని విమానంలో హైదరాబాద్ తెచ్చారు. జనాజా వెంట వేలాదిమంది నడిచారు. టోపీ పెట్టుకున్నవారు, ఎర్రకండువా వేసుకున్నవారు, రెండూ లేనివారు. నాంపల్లిలో హజ్రత్ షా ఖామోష్ దర్గా ఆవరణలోని ఖబ్రస్తాన్‌లో ఆయనను ఖననం చేశారు. నాంపల్లి స్టేషన్ నుంచి దూరం కాదు. దర్గాకు ఫాతిహా చదవడానికి వెళ్ళేవారు ఆ సమాధి పక్కగానే నడిచిపోతుంటారు.